లోపాలు చూపితే డిగ్రీ విలువ పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏఎంఎస్ పూర్తి చేసింది. సిస్టమాటిక్ రివ్యూలు (ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నీ వెతికి బేరీజు వేయడం) నేర్చుకుంటానని 45 వేలు పెట్టి 3 నెలల ఆన్‌లైన్ కోర్సులో చేరతానంటోంది. ఎండీ మేలా, ఇది మేలా? ఆయుర్వేదంలో తప్పులు చూపితే తన డిగ్రీకే దెబ్బ కదా, మంచి ఫలితాలొచ్చినవే ఏరి రాయమన్నాను. – ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: బీఏఎంఎస్ పిల్లల తల్లిదండ్రులు చాలామంది అడిగేది ఇదే. భయపడకండి. ఒక కషాయం మీద చేసిన ట్రయల్ (రోగులకు ఇచ్చి చూసే పరీక్ష) బలహీనమైనదంటే కషాయం పనిచేయదని కాదు, పనిచేస్తుందో లేదో ఆ ట్రయల్ తేల్చలేదని. ఆ తేడా విడమరిచి చెప్పాలంటే ద్రవ్యగుణం (మందుల గుణాల శాస్త్రం) చదివిన మీ అమ్మాయి లాంటివాళ్లే కావాలి.

ఏరి రాయమనడం మాత్రం తప్పు. బిడ్డకు మొదటి పాఠమే మోసం నేర్పకండి. ఈ పనిలో పక్షపాతం అంటే అదే.

నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పక్షపాతానికి ఎంత అవకాశముందో అంచనా వేసే రాబ్-2 పద్ధతిలో ట్రయల్‌ను 5 కోణాల్లో చూస్తారు. పేపర్లో 'రాండమైజ్డ్' (రోగులను లాటరీలా గుంపులుగా పంచారని) అన్న మాట ఉంటే చాలదు, ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో చేర్చుకునే డాక్టరుకు ముందే తెలియకుండా దాచారా? కషాయానికి చేదు, వాసన ఉంటాయి. ప్లాసిబోకు (పోల్చడానికిచ్చే ఉత్తుత్తి మందుకు) అవి లేకపోతే రోగి పసిగడతాడు, నొప్పి తగ్గిందా అని అతణ్నే అడిగితే నమ్మకం జవాబు చెబుతుంది. పంచకర్మలో చేసేవాళ్ల దగ్గర దాచలేం, కనీసం ఫలితం కొలిచేవాళ్లకైనా గుంపు తెలియకూడదు. తర్వాత సీటీఆర్‌ఐ (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు తీసి, ముందు కొలుస్తామన్నదీ చివరికి అచ్చువేసిందీ ఒకటేనా చూడాలి. 2018 ఏప్రిల్‌కు ముందు ట్రయల్ మొదలయ్యాక కూడా నమోదుకు ఒప్పుకునేవారు, కాబట్టి తేదీలు కూడా సరిచూడాలి.

పబ్‌మెడ్ (వైద్య పరిశోధనల ఆన్‌లైన్ సూచిక) ఒక్కటే వెతికితే మన పత్రికలు చాలా తప్పిపోతాయి. ఎర్రగడ్డ ఆయుర్వేద కాలేజీ లాంటి చోట్ల అచ్చుకాని పీజీ థీసిస్‌లూ వెతకాలి, ఫలితం రాని ట్రయల్స్ అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. 10 అధ్యయనాలు కూడా లేకుండా ఫనెల్ ప్లాట్ (అచ్చుకాకుండా పోయిన అధ్యయనాల లోటును పసిగట్టే గ్రాఫ్) గీసి 'బయాస్ లేదు' అని రాసే రివ్యూను నమ్మొద్దు.

ఇదంతా 3 నెలల్లో, ఒక్కరే చేసేది కాదు. అధ్యయనాల ఎంపికైనా, లోపాల అంచనా అయినా ఇద్దరు విడివిడిగా చేసి పోల్చుకోవాలి. సర్టిఫికెట్‌తో పాటు పేపర్ కూడా గ్యారంటీ అనే కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. రివ్యూలు ఎలా చేయాలో చెప్పే కాక్రేన్ హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉచితం, రివ్యూల రిజిస్ట్రీ అయిన ప్రాస్పెరోలో ప్రోటోకాల్ (ముందస్తు ప్రణాళిక) నమోదుకూ ఖర్చు లేదు. ఎండీ చేయనివ్వండి, ఈ పని దాని పక్కనే నడుస్తుంది.

ఆ 45 వేలు కట్టేముందు అచ్చయిన ఒక ట్రయల్‌ను అమ్మాయి, తన క్లాస్‌మేట్ ఒకరు విడివిడిగా రాబ్-2తో అంచనా వేయమనండి. ఇద్దరి జవాబులు ఎక్కడ వేరుపడ్డాయో అక్కడ కూర్చుని, పేపర్లోని వాక్యం చూపిస్తూ వాదించుకోమనండి.