లెక్కల క్లాసులో కంప్యూటర్ ఆటలు పనికొస్తాయా?

ఇంజనీరింగ్ పిల్లలకి కంప్యూటర్ ఆటలతో లెక్కలు చెబితే ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు. కోనసీమలో ఓ కాలేజీలో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఉంది. కాకపోతే చప్పట్లూ పాయింట్లూ పెట్టిన క్విజ్ ఆటలు కాదు, అవి పాత బిట్ పేపరుకి రంగులేసినట్టు. ఉండేలుతో పిట్టల్ని విసిరే యాంగ్రీ బర్డ్స్ ఆట చూపించి, విసిరిన వస్తువు గాల్లో గీసే వంపు, అదే పారాబొలా, చెప్పేశాం అనుకునేవాళ్లనీ నేను నమ్మను. పిల్లాడు కంటి అందాజుతో గురి పెట్టేస్తాడు, సమీకరణంతో వాడికేం పని?

మా ఫస్టియర్ వాళ్లు నిద్రలో లేపినా మ్యాట్రిక్స్ ర్యాంకు కట్టేస్తారు. సమీకరణాల అంకెల్ని పట్టికగా రాస్తే మ్యాట్రిక్స్, వాటిలో ఒకదాన్నుంచి ఒకటి రాని అసలు సమీకరణాలెన్నో చెప్పేది ర్యాంకు. ఎందుకురా అది అంటే "మార్కులకి సార్" అంటారు.

రెండేళ్ల కిందట ఆగస్టులో ముసురు పట్టింది, లంక ఊళ్ల పిల్లలు రాలేదు, ల్యాబులో పదకొండు మందే. లైట్స్ ఔట్ ఆడించాను. 1995లో బొమ్మగా వచ్చిన ఆట అది. ఐదు వరసల్లో 25 గళ్లు, ఒకటి నొక్కితే అదీ దాన్ని ఆనుకుని నాలుగు వైపులా ఉన్నవీ వెలిగినవి ఆరతాయి, ఆరినవి వెలుగుతాయి. అన్నీ ఆర్పాలి. ప్రోగ్రాం నేనే రాశాను, లైట్లు ఎలా పడితే అలా వెలిగేలా పెట్టేశాను.

వెనక బెంచీ కుర్రాడొకడు, వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులు, గంటన్నర కుర్చీలోంచి లేవలేదు. అన్నీ ఆర్పుకొచ్చి చివరికి ఎడమ మూలన ఒక్కటి మిగిల్చాడు. అది ఆరదు. "సార్, మీ ప్రోగ్రామే తప్పు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది.

ఆ రాత్రి కూర్చుని కట్టాను. మెట్ల లైటుకి పైనొకటి కిందొకటి స్విచ్ ఉంటుంది చూడండి, ఒకటి వేస్తే వెలుగుతుంది, రెండోదీ వేస్తే ఆరిపోతుంది. అంటే ఒకటీ ఒకటీ సున్నా. ఆ లెక్కలో ఈ ఆట గడికొకటి చొప్పున 25 సమీకరణాలు. ర్యాంకు 25 వస్తే ఏం వెలిగినా ఆర్పొచ్చు. వచ్చింది 23. ఒక్కోటి తగ్గినప్పుడల్లా ఆర్పగలిగేవి సగమైపోతాయి, రెండు తగ్గాయి కాబట్టి నాలుగో వంతు అమరికలే ఆరతాయి. మూలనున్న ఒంటి దీపం అందులో లేదు. నట్టనడిమిదైతే ఆరేది.

మర్నాడు చెబితే వాడు కాసేపు బోర్డు వంకే చూసి "అయితే నాలుగు వరసలకి ఎంత సార్?" అన్నాడు. నన్ను ర్యాంకు గురించి మార్కుల ఊసు లేకుండా అడిగినవాడు వాడే. మూడు వరసలకి చేత్తో కట్టుకొచ్చాడు, తొమ్మిదికి తొమ్మిది. నాలుగు వరసలకి 16కి పన్నెండే వచ్చింది, నమ్మలేక మళ్లీ కట్టాడు.

ఈలోగా ల్యాబులో ఆటలాడిస్తున్నానని పైకి కంప్లయింటు వెళ్లింది. ల్యాబు పోయింది. మా అమ్మ వామనగుంటలకని దాచుకున్న డబ్బాలోంచి 25 చింతపిక్కలు తీసి, ఒకవైపు గచ్చు మీద అరగదీశాను. తెల్లవైపు పైకుంటే వెలిగినట్టు.