ఆగస్టులో వరంగల్: టికెట్టు కన్నా ముందు జీపీ

ఏటా ఏప్రిల్ రాగానే ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉన్న మన వరంగల్ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, సమ్మర్‌కు పిల్లల్ని తీసుకుని హన్మకొండ పోతున్నం, టికెట్లు అయినయి, ఇంకేం చూసుకోవాలె?"

కొత్తగా ఇంగ్లండ్ వచ్చినవాళ్లు ముందు క్యాలెండర్ చూసుకోవాలి. తెలంగాణలో బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఇక్కడ జూలై చివర్లో మూసి సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు, దాదాపు ఆరు వారాలు. అంటే మీరు దిగేసరికి మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు యూనిఫాం వేసుకుని స్కూల్ బస్సెక్కుతుంటారు. సాయంత్రం దాకా మీ వాడికి తోడు నాయనమ్మ, టీవీ. ఈ సంగతి ముందే అనుకుని పోతే సగం గొడవ తప్పుతుంది.

"అయితే బతుకమ్మకే పోతాం" అంటారు కొందరు. ఇక్కడ టర్మ్ మధ్యలో బడులకిచ్చే సెలవు, అక్టోబరు హాఫ్ టర్మ్, నెలాఖరున ఒక్క వారమే. అప్పటికి సద్దులూ, దసరా దాదాపు ఎప్పుడూ అయిపోయే ఉంటాయి. బడి మాన్పిస్తే జరిమానా. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటా ఒకటే లెక్క: అనుమతి లేకుండా ఐదు రోజులు మానితే 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. అదీ పిల్లకింత అని, తల్లికి వేరు, తండ్రికి వేరు. ఇద్దరు పిల్లలుంటే 320 పౌండ్లు. మూడేళ్లలో రెండోసారైతే నేరుగా 160 చొప్పున. జ్వరమని చెప్పేద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. గోరింటాకు చేతులతో క్లాసుకెళ్లి మీ పాపే అన్నీ చెప్పేస్తుంది, మీ ఇష్టం.

ఆగస్టు టికెట్ల ధర అందరికీ అందదు. పోలేని ఏడాది పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్లండి. సభ్యత్వమూ, సెలవుల్లో పుస్తకాలు చదివించే సమ్మర్ రీడింగ్ చాలెంజ్ కూడా ఉచితమే. ఆదాయం తక్కువై బడిలో ఉచిత భోజనం పొందే పిల్లలకు సెలవుల్లో ఆటలూ భోజనమూ కలిపి ప్రభుత్వ ఖర్చుతో HAF (హాలిడే యాక్టివిటీస్ అండ్ ఫుడ్) క్లబ్బులు నడుస్తాయి. రెండో తరగతి దాకా అందరికీ పెట్టే భోజనం ఈ లెక్కలోకి రాదు. వీసా మీద ఉన్నాం కదా, మాకు రాదులే అని ఊరుకోకండి. ఆదాయాన్ని బట్టి అలాంటి కుటుంబాల పిల్లలకూ ఉచిత భోజనం ఇస్తారు. స్కూల్ ఆఫీసులో అడిగితే పోయేదేం లేదు.

పోయేవాళ్లు మాత్రం ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే జీపీ, అంటే మీరు పేరు నమోదు చేసుకున్న ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "మనం పుట్టి పెరిగిన ఊరికి టీకాలేంది?" అనే మాట నేను చాలాసార్లు విన్నా. ఇక్కడ బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ సొంతూరికి చుట్టాల్ని చూడటానికి వెళ్లొచ్చినవాళ్లవే. హోటల్లో దిగే టూరిస్టు నీళ్ల బాటిల్ మూత చూసి తాగుతాడు. మనం అత్తమ్మ ఇచ్చిన చెంబు కాదనలేం. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో ఉచితం. రేబిస్‌కు ముందస్తుగా వేయించాలంటే డబ్బు కట్టాలి.

రేబిస్ గురించి కొంచెం గట్టిగానే చెబుతా. ఇక్కడ పెరిగిన పిల్లలకు కుక్కంటే పక్కింటివాళ్లు తాడు పట్టుకుని తిప్పే బొచ్చుకుక్క. అక్కడి వీధికుక్క మీద కూడా చెయ్యి వేయబోతారు. గీరుకుపోయినా తిడతారేమోనని చెప్పరు. "కుక్క ముట్టుకుంటే చెప్పు, ఏమీ అనను" అని విమానం ఎక్కకముందే మాట తీసుకోండి. కరిచినా, గీరినా పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టనివ్వద్దు. నల్లా కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సూది ఉచితం. ముందే టీకా వేయించుకున్నా కరిచాక మళ్లీ సూదులు తప్పవు. వేసిన తేదీల చీటీ జాగ్రత్తగా వెంట తెచ్చుకుంటే మిగిలిన డోసులు ఇక్కడ పూర్తి చేస్తారు.

ఆగస్టు అంటే డెంగ్యూ కాలం. ఆ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. ఇంటికి చేరగానే బాల్కనీలో మూలకు నెట్టిన కూలర్ తెరిచి చూడండి. అడుగున ఎండాకాలం నీళ్లో వాన నీళ్లో నిలిచి ఉంటాయి, పైన సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. పారబోసి తుడిచేయండి. జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే. ఇక్కడి అలవాటు కొద్దీ ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, డెంగ్యూ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. విరేచనాలకు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి. ఆ పేరుతో అమ్మిన తీపి డబ్బా డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరు ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. తిండి విషయంలో నా సూత్రం ఒకటే, పొగలు కక్కేది తినొచ్చు. నిప్పుల మీద కాల్చిన మక్క కంకి బేఫికర్‌గా తినిపించండి. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన చెరుకురసం వద్దు.

చూపించడానికి బోలెడంత ఉంది. రామప్పకు పొద్దున్నే బయల్దేరండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికంటే పిల్లలు చెవులు రిక్కిస్తారు. అటు పోయినప్పుడే లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన కూడా. బొగత జలపాతం మీద నాకు అంత మోజు లేదు. వానల్లో అందంగానే దూకుతుంది గానీ ప్రాణాలు పోయిన చోటు, దూరం నుంచి చూసి రావాలి. పిల్లలకు నిజంగా పట్టేది వరంగల్ కొత్తవాడలో దర్రీల (నూలు తివాచీల) మగ్గం. నేసే పెద్దాయన్ని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని దారం అందుకోనిస్తారు. అరగంట ఫోన్ అడగరు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు కలిసే రోజు కావాలంటే రాఖీ చూసుకుని టికెట్ కొనండి, ఆ రోజు వాళ్ల బడికి సెలవుందో లేదో ముందే అడగండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోన్ చేసినా, జీపీ దగ్గరికి వెళ్లినా, ఇండియా నుంచి వచ్చామని, ఏ తేదీన వచ్చామో మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే మామూలు వైరల్ అని పంపించేస్తారు. మలేరియా నెలల తర్వాత కూడా బయటపడొచ్చు కాబట్టి, దీపావళికి వచ్చిన జ్వరానికీ ఇదే మాట చెప్పాలి.