ఈఎంఐ పదిహేను వేలే కదా అని దిగొద్దు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. మా అబ్బాయికి 24 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో యాక్టింగ్ డ్రైవర్‌గా, అంటే వేరేవాళ్ల కార్లు నడిపి పెట్టే పని, చేస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా క్యాబ్ నడుపుకుంటానంటున్నాడు. ఫ్లీట్ వాళ్ల (చాలా క్యాబ్‌లు పెట్టుకుని అద్దెకిచ్చేవాళ్ల) దగ్గర రోజుకు వెయ్యి రూపాయల అద్దెకు బండి దొరుకుతోందట. ‘నెలకు పాతిక వేల పైన వాళ్లకు పోసే బదులు పదిహేను వేలు ఈఎంఐ కడితే బండి మనదైపోతుంది’ అంటాడు. మా దగ్గర లక్షన్నర ఉంది. అవసరమైతే పొలం కాగితాలు పెడదామనుకుంటున్నాం. బండి కర్నూలులోనే తీసుకుంటే తేలికని షోరూం వాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పిన రెండు అంకెలూ నిజమే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చూడకూడదు. ఆ వెయ్యి రూపాయల అద్దెలో ఇన్సూరెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్, సర్వీసింగ్, టైర్లు అన్నీ కలిసే ఉంటాయి. ఈఎంఐలో బండి తప్ప ఏదీ ఉండదు. ఆ మిగతావి కూడా వేసి చూద్దాం.

సీఎన్‌జీ సెడాన్ ఒకటి, అన్నీ కలిపి రోడ్డెక్కేసరికి ఎనిమిదిన్నర లక్షలు అయిందనుకోండి. మీ లక్షన్నర కడితే 7 లక్షల లోన్. 11 శాతం వడ్డీ, 60 నెలలకు ఈఎంఐ 15,220 రూపాయలు. ట్యాక్సీకి ఫుల్ ఇన్సూరెన్సు ఏడాదికి 36 వేలు వేసుకుంటే నెలకు 3,000. సొంత వాడకానికి కొనే కొత్త కార్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి మూడేళ్లకు ఇస్తారు, పసుపు ప్లేటు ట్యాక్సీకి ఏటా కట్టాల్సిందే. పర్మిట్, పన్ను, ఫిట్‌నెస్ కలిపి నెలకు వెయ్యి. ఇక్కడికి 19,220. బండి షెడ్డులో ఉన్నా, డ్రైవర్ జ్వరంతో పడుకున్నా ఈ డబ్బు కట్టి తీరాలి.

నడిపితే అయ్యేది వేరే. నెలకు 4,000 కి.మీ. తిరిగే బండికి పది వేల కి.మీ.కి ఒక సర్వీసు చొప్పున నెలకు 2,400. నాలుగు టైర్లు 18 వేలు, 40 వేల కి.మీ. వస్తాయనుకుంటే నెలకు 1,800. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌ల కోసం నెలకు 1,500 పక్కన పెట్టాలి. అమీర్‌పేట, మాదాపూర్ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిచే బండికి క్లచ్ ప్లేటు హైవే బండిలో వచ్చినంత కాలం రాదు. ఇవి మరో 5,700. మొత్తం 24,920.

అద్దె బండికి 26 రోజులకు 26 వేలు. అంటే పదకొండు వేలు మిగులుతాయనుకున్న చోట తేడా వెయ్యి రూపాయలే. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఇన్సూరెన్సు కోట్, మీ వడ్డీ, మీ అద్దె పెట్టి మళ్లీ వేసుకోండి. కానీ ఎలా వేసినా ఆ పదకొండు వేలు మాత్రం కనపడవు.

ఇప్పుడు రాబడి వైపు. రోజుకు 150 కి.మీ. తిరిగితే అందులో ప్యాసింజర్ ఉన్నది వంద, నూటపది. మిగతాదంతా ఎంప్టీ. గ్యాస్ కిలోకు ఊళ్లో 22 కి.మీ. ఇస్తే రోజుకు ఏడు కిలోలు, కిలో 95 చొప్పున 665 రూపాయలు. ఓలా, ఊబర్ లాంటి యాప్ కోతలన్నీ పోను రోజుకు 2,600 చేతికొస్తే గ్యాస్ పోగా 1,935. నెలకు 26 డ్యూటీలు చేస్తే సుమారు 50,300. సొంత బండైతే ఇందులో 25,400 మిగులుతుంది, అద్దె బండైతే 24,300. తిండి, ఫోన్, పార్కింగ్, కడిగించే ఖర్చు ఇంకా తీయలేదు.

అసలు తేడా చెడ్డ నెలలో తెలుస్తుంది. ఒంట్లో బాగోక పదకొండు రోజులు పోయి 15 డ్యూటీలే చేశాడనుకోండి. గ్యాస్ పోను వచ్చేది 29 వేలు. అద్దె బండి అప్పగించేసి ఉంటే 15 వేలు పోయి 14 వేలు మిగులుతుంది. సొంత బండికి 19,220తో పాటు తిరిగినందుకు అరుగుదల మరో 3,300 పోయి మిగిలేది ఆరున్నర వేలు. ఆ నెలలోనే బంపర్ పగిలితే ఈఎంఐ తప్పుతుంది. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ. బండి అప్పగించినా అప్పు తీరదు. వేలంలో వచ్చింది పోను మిగిలిన బాకీ మీ మీదే ఉంటుంది, సిబిల్ స్కోరూ పడిపోతుంది.

అలాగని కొనడమే దండగని అనను. కొన్నవాడికి లాభం ఎప్పుడొస్తుందో తెలిసి కొనాలి. మొదటి ఐదేళ్లలో రాదు. లోన్ తీరాక ఆరు, ఏడు, ఎనిమిదో సంవత్సరాల్లో వస్తుంది, ఈఎంఐ తాలూకు 15 వేలు నెలనెలా చేతిలోనే ఉంటాయి కాబట్టి. ఎనిమిదే ఎందుకంటే, 2025 జులైలో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ (క్యాబ్ యాప్ కంపెనీల) మార్గదర్శకాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 8 ఏళ్లు దాటిన బండిని యాప్‌లో చేర్చుకోకూడదు. ఫిట్‌నెస్ కూడా ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి చేయిస్తే చాలు, ఆ తర్వాత ఏటా. చాలామంది ఐదో ఏడు లోన్ తీరగానే కొత్త మోడల్ మీద మనసు పడి బండి మార్చేస్తారు. చెట్టు కాపుకొచ్చే వేళకు కొట్టేసుకున్నట్టే. మూడు నాలుగేళ్లు తిరిగిన సెకండ్ హ్యాండ్ ట్యాక్సీ చవకగా వస్తోందని తీసుకున్నా ఇదే ఇబ్బంది: లోన్ తీరేసరికి యాప్‌లో దాని గడువూ తీరిపోతుంది.

అందుకే నా సలహా, ముందు ఆరు నెలలు అద్దె బండి. యాక్టింగ్ డ్రైవర్‌గా చేసిన అనుభవం స్టీరింగ్ వరకు పనికొస్తుంది. ఏ వేళకు ఏ ఏరియాలో లాగిన్ కావాలి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దింపాక అక్కడే క్యూలో ఉండాలా ఖాళీగా వెనక్కి రావాలా, గ్యాస్ బంకు దగ్గర గంట పోగొట్టుకోకుండా ఎప్పుడు పట్టించుకోవాలి వంటివి సొంతంగా దిగితేనే వస్తాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. రోజూ ఆరు అంకెలు చాలు: పొద్దున మీటర్ రీడింగ్, రాత్రి మీటర్ రీడింగ్, యాప్ చూపించిన ట్రిప్ కిలోమీటర్ల మొత్తం, చేతికొచ్చిన డబ్బు, గ్యాస్ ఖర్చు, రోడ్డు మీద ఉన్న గంటలు. వారానికోసారి రెండు భాగహారాలు చేయాలి. మొదటిది, ట్రిప్ కిలోమీటర్లను మొత్తం కిలోమీటర్లతో భాగించడం. అది 60 శాతం కంటే తక్కువ ఉంటే బండి మారినా బతుకు మారదు, నడిపే పద్ధతి మారాలి. రెండోది, గ్యాస్, అద్దె పోను మిగిలినదాన్ని గంటలతో భాగించడం. గంటకు వచ్చేది ఇప్పటి జీతం లెక్క కంటే తక్కువైతే ఓనర్ అన్న పేరు తప్ప లాభం లేదు.

అద్దె ఒప్పందంలో ముందు సెలవు రోజు సంగతి చూడాలి. వారానికి ఏడు రోజులూ అద్దె వేస్తారా, ఆరు రోజులేనా? ఏడైతే నెలకు 30 వేలు, పైన వేసిన లెక్క తారుమారు. కొన్ని చోట్ల వారానికి ఇన్ని ట్రిప్పులు చేస్తేనే తక్కువ అద్దె, తగ్గితే ఎక్కువ. బండి రిపేరుకు వెళ్లిన రోజు అద్దె ఆపుతారా, యాక్సిడెంట్ అయితే డ్రైవర్ భరించాల్సింది ఎంత వరకు, మానేస్తే డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటి మాట చెల్లదు.

బండి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయాలి. గీతలు, సొట్టలు, మీటర్ రీడింగ్, నాలుగు టైర్ల అరుగుదల, డిక్కీలో స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ అన్నీ కనపడాలి. వెనక్కి ఇచ్చేటప్పుడు డిపాజిట్‌లో కోత పడేది ఎక్కువగా వీటి దగ్గరే. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (ఒత్తిడికి తట్టుకుంటుందా అనే పరీక్ష) చేయించాలి, దాని ప్లేటు మీద తేదీ చూడండి. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్ గడువులు ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొడితే తెలుస్తాయి. పాత చలాన్లు ఏమేం ఉన్నాయో తీసుకునే రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, లేకపోతే అంతకు ముందు నడిపినవాడి చలాన్ కూడా మీవాడి డిపాజిట్‌లోంచే పోతుంది.

‘నాలుగేళ్లు కడితే బండి నీదే’ అనే లీజులు కూడా ఉంటాయి. అందులో ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, మధ్యలో మానేస్తే కట్టినదాంట్లో ఎంత వెనక్కి వస్తుంది? ఈ రెండో దానికి సున్నా అని జవాబొస్తే అది ఖరీదైన అద్దె, అంతే.

లైసెన్స్ గురించి బెంగ వద్దు. ఎల్‌ఎంవీ (మామూలు కారు) లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లు నడపడానికి లైసెన్స్ మీద వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదని 2017లో వచ్చిన తీర్పును 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. పోలీస్ వెరిఫికేషన్ మాత్రం యాప్ వాళ్లు అడుగుతారు.

ఆరు నెలల నోట్‌బుక్ బాగుంటే కొనండి. కానీ కర్నూలులో వద్దు. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆంధ్ర నంబరు బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకుని రావచ్చు గానీ, హైదరాబాద్‌లో రోజూ లోకల్ ట్రిప్పులు చేసే పనికి అది సరిపోదు. తెలంగాణ డ్రైవర్ల సంఘాలు బయటి నంబర్లపై అభ్యంతరం చెబుతూనే ఉన్నాయి. మీవాడు ఉంటున్న గది అద్దె అగ్రిమెంటు, ఆధార్‌లో హైదరాబాద్ చిరునామా ఇప్పుడే సరిచేయించుకుంటే అప్పటికి టీజీ (తెలంగాణ) రిజిస్ట్రేషన్‌కు పనికొస్తాయి.

తెల్ల ప్లేటుతో (సొంత కారుగా) కొని తర్వాత మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినొద్దు. మార్చాలంటే ఫైనాన్స్ వాళ్ల అనుమతి, కొత్త పన్ను, కొత్త పాలసీ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఈలోగా కిరాయికి తిప్పుతూ యాక్సిడెంట్ అయితే ప్రైవేటు పాలసీ కింద క్లెయిమ్ కొట్టేస్తారు. మొదటి రోజే ట్రాన్స్‌పోర్ట్‌గా రిజిస్టర్ చేయిస్తే 80 కి.మీ. స్పీడ్ గవర్నర్, ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ అన్నీ అప్పుడే బిగించి ఇస్తారు. చిన్న కార్లపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో అది కనపడుతుందో లేదో చూడండి.

ఎలక్ట్రిక్ బండికి తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కి.మీ.కి ఖర్చు తక్కువే. కాకపోతే ధర ఎక్కువ, ఐదేళ్లు తిరిగిన బ్యాటరీతో ఎంతకు అమ్ముడవుతుందన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకని దాన్ని కూడా ముందు అద్దెకే నడిపి చూడమనండి.

లోన్ దగ్గర ‘ఏడు శాతమే’ అన్న మాట వినపడితే, ఫ్లాటా (చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ), తగ్గే బ్యాలెన్స్ మీదా (కట్టగా మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని అడగండి. 7 లక్షలకు 7 శాతం ఫ్లాట్ అంటే ఐదేళ్లకు వడ్డీ 2.45 లక్షలు, ఈఎంఐ 15,750. తగ్గే బ్యాలెన్స్ లెక్కలో అది పన్నెండున్నర శాతం. బ్యాంకు చెప్పే 11 శాతమే దానికంటే చవక.

మీ లక్షన్నర మొత్తం డౌన్ పేమెంట్‌లో పెట్టొద్దు. మూడు నెలల స్థిర ఖర్చు, అంటే దాదాపు 58 వేలు, విడిగా ఉండాలి. అప్పుడు డౌన్ పేమెంట్‌కు మిగిలేది 92 వేలే. మిగతా 58 వేలు ఆరు నెలల అద్దె బండి మీద మిగిల్చిన డబ్బులోంచి రావాలి. అంత మిగల్లేదంటే కొనే సమయం ఇంకా రాలేదన్నమాట.

పొలం కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి. ముద్రా పథకంలో తరుణ్ కేటగిరీ కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, ట్యాక్సీ కొనడానికీ అది వర్తిస్తుంది. బ్యాంకు మేనేజర్ అక్కడ వెనకాడేది సాధారణంగా ఆదాయం రుజువు లేదనే. యాప్ డబ్బు, ప్యాసింజర్ల యూపీఐ రెండూ ఒకే బ్యాంకు ఖాతాలో పడేలా అద్దె బండి ఎక్కిన మొదటి రోజు నుంచే పెట్టుకోమనండి, జేబులోకొచ్చిన నోట్లు కూడా వారానికోసారి అందులోనే వేయమనండి. ఏడాది చివర ఐటీ రిటర్న్ వేయిస్తే, పన్ను కట్టాల్సిన పని లేకపోయినా, ఆ స్టేట్‌మెంటు, రిటర్న్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లొచ్చు.