పసుపు కొమ్ముల్లో ఎర్రటి చిన్న పురుగులు: బియ్యం పురుగులేనా?

పసుపు కొమ్ముల డబ్బాలో నువ్వుగింజ కంటే చిన్న ఎర్రగోధుమ పురుగులు, అడుగున పొడి, పైనుంచి చూస్తే తల కనబడట్లేదు, ఇవి బియ్యంలోంచి వచ్చాయా అని అడిగారు. కాదండీ. బియ్యంలో ఉండే ముక్కు పురుగుకి మూతి తొండంలా ముందుకు పొడుచుకొస్తుంది. తల కిందికి వంగి, వీపు గూనిగా ఉందంటే రెండింటిలో ఒకటి: సిగరెట్ బీటిల్ లేదా డ్రగ్‌స్టోర్ బీటిల్.

తేల్చుకోవడం తేలికే. ఒకదాన్ని సీసాలో పెట్టి పది నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి, కదలకుండా ఉంటుంది. తెల్లకాగితం మీద వేసి, భూతద్దం అడ్డుపెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. రెక్కల మీద నిలువు గీతలు స్పష్టంగా ఉండి, మీసాల చివరి మూడు కణుపులు లావుగా ఉంటే డ్రగ్‌స్టోర్ బీటిల్. రెక్కలు గీతల్లేకుండా నున్నగా, మీసాలు రంపం పళ్లలా ఉంటే సిగరెట్ బీటిల్. మీసాలు ఒక్కోసారి కిందికి ముడుచుకుంటాయి, అందుకే ముందు వీపు చూడండి. ముట్టుకోగానే చచ్చినట్టు పడిపోతాయి, నమ్మకండి.

నేను మీలాగే బియ్యాన్ని అనుమానించాను. రెండుసార్లు డాబా మీద ఎండబోసి, చేటతో చెరిగాను. సాయంత్రమయ్యేసరికి మళ్లీ కిటికీ అద్దం మీద నాలుగైదు. చివరికి మా అత్తయ్య, "ఆ శొంఠి ఏం చేశావే?" అని అడిగింది. చెల్లెలి పురుడప్పుడు తెచ్చిన శొంఠి, మందుల డబ్బా వెనక మూడేళ్లుగా పడి ఉంది. విరిస్తే లోపలంతా డొల్ల, పిండిలాంటి పొడి, కొడవలిలా వంగిన తెల్లటి పిల్ల పురుగులు. ప్లాస్టిక్ కవరుకి గుండుసూదితో పొడిచినట్టు బెజ్జాలు. అసలు తినేది ఆ పిల్లలే. ఎగిరేవి గుడ్లు పెట్టడానికి తిరుగుతాయి, అంతే. మనుషుల్ని కుట్టవు.

కాబట్టి ఎగిరేవాటి వెంట పడకుండా మూలం వెతకండి. ధనియాలు, ఎండుమిర్చి, శొంఠి, పాత టీ పొడి, దేవుడి గదిలో ఎండిన పూలు, పొగాకు, కుక్క బిస్కెట్లు, దేన్నీ వదలవు. బెజ్జాలు పడ్డవి కవరుతో సహా మూటగట్టి బయట పారేయండి. బాగున్నవాటిని వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత గాజు సీసాలో పెట్టండి. ఉత్త ఎండకి నాకు పెద్ద నమ్మకం లేదు. పెద్దవి ఎగిరిపోతాయి, కొమ్ము లోపలి పిల్లలు ఉండిపోతాయి. అరల మూలలు, డబ్బా మూతల గాడులు వాక్యూమ్‌తోనో పాత టూత్‌బ్రష్‌తోనో శుభ్రం చేయండి. మందు మాత్రం కొట్టకండి, తినే వస్తువులు కదా.

వేడి రోజుల్లో నెల, నెలన్నరలో కొత్త తరం బయటికొస్తుంది. అప్పుడోసారి సాయంత్రం పూట కిటికీ అంచు మీద చూడండి. మళ్లీ కనబడితే ఇంకో డబ్బా ఎక్కడో మిగిలిపోయిందన్నమాట.