కోడి బాతుతో మాట్లాడితే

సందేహం: హాంకాంగ్‌లో ఉంటూ కాంటొనీస్ నేర్చుకుంటున్నాను. ఆ భాషలోని నాలుగక్షరాల పలుకుబళ్లను తెలుగులో సామెతలు అనవచ్చా? ‘కై థుంగ్ ఆప్ కోంగ్’ (కోడి బాతుతో మాట్లాడటం) అన్నదానికి ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని అర్థం రాసుకున్నాను. సరేనా?

సమాధానం: జాతీయాలు అనండి. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నామంటే మాట పూర్తయినట్టే, అది సామెత. జాతీయం వాక్యంలో ఒదిగితేనే రాణిస్తుంది. మీరడిగినవీ అంతే. ‘నాలుగక్షరాల’ అన్న మాట మాత్రం చక్కగా కుదిరింది. మన అక్షరం పలుకులో ఒక ముక్క, వారి అక్షరమూ అంతే. కాకపోతే వారి ముక్క సాధారణంగా అర్థాన్ని కూడా మోస్తుంది: మనకు ‘కోడి’ రెండక్షరాలు, వారికి ‘కై’ ఒక్కటే.

ఇక శంఖం సంగతి. అక్కడ ఊదేవాడు ఒకడు, వినలేనివాడు ఇంకొకడు. దానికి సరిజోడు కాంటొనీస్‌లో వేరే ఉంది: ఆవు ముందు వీణ వాయించడం అని చెప్పుకోవచ్చు. కోడీ బాతూ అలా కాదు, రెండూ మాట్లాడుతున్నాయి, ఒకరి మాట ఒకరికి అందడం లేదు. ‘ఎడ్డెమంటే తెడ్డెం’ కూడా అతకదు, అందులో మొండితనం ఉంది, ఇక్కడ పాపం ఎవరి తప్పూ లేదు. ‘నేనొకటంటే తనకొకటి అర్థమవుతోంది’ అనండి, సరిపోతుంది.

కథ తెలిస్తే తప్ప అర్థం కానివి కొన్ని ఉన్నాయి. ‘వాక్ సే థిమ్ చుక్’ అంటే పాము బొమ్మ గీసి కాళ్లు తగిలించడం. పూర్వం చైనాలోని చూ రాజ్యంలో కొందరికి ఒక్క పాత్ర మద్యం దొరికిందట. నేల మీద పామును ముందుగా గీసినవాడిదే ఆ పాత్ర అని పందెం వేసుకున్నారు. ముందు ముగించినవాడు ఎడమచేత పాత్ర పట్టుకుని, కుడిచేత పాముకు కాళ్లు గీయబోయాడు. ఈలోగా రెండోవాడు గీసేసి, ‘పాముకు కాళ్లెక్కడివి?’ అని పాత్ర లాక్కుని తాగేశాడు. అక్కరలేని హంగు చేర్చి ఉన్నది చెడగొట్టుకోవడం అన్నమాట. ఇలాంటివాటిని నేనైతే మన లౌకిక న్యాయాల (ఒక చిన్న సంఘటననో దృశ్యాన్నో పోలికగా నిలిపే మాటల) పక్కన పెడతాను. కాకతాళీయం అన్న ఒక్క మాటలో కాకి వాలడం, తాటిపండు రాలడం రెండూ ఇమిడి లేవూ? నూతిలో కప్ప వారికీ ఉంది: ‘చెంగ్ తై చీ వా’. దాన్ని నిస్సందేహంగా ‘కూపస్థమండూకం’ అనండి.

వాడుకలో ఒక తేడా గమనించండి. ‘మేము’ అని, వెంటనే ‘కై థుంగ్ ఆప్ కోంగ్’ అంటే చాలు, వారికి వాక్యం అయిపోతుంది. మనకు ‘కోడి బాతుతో మాట్లాడినట్టుంది మా పని’ అని ‘అట్టు’ చేర్చాలి. మీ నోటుపుస్తకంలో ప్రతి పలుకుబడి కిందా ఇలా ఒక తెలుగు వాక్యం రాసుకోండి.