ఊహకు సెక్షన్ లేదండి

గట్టు తగాదాలో అన్నయ్యను నరికినట్టు ఊహలొస్తున్నాయి, డైరీలో రాసుకున్నది మా ఆవిడ చూసేసింది, కేసవుతుందా అని అమలాపురం నుంచి అడిగారు. అవదండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో హత్యాయత్నం 109వ సెక్షన్. దానికి చంపే ఉద్దేశంతో ఏదో ఒక పని చేసి ఉండాలి. ఉత్త సన్నాహాన్నే నేరమనడం బందిపోటు దోపిడీ లాంటి కొద్దివాటికే. మనసులోదానికీ కేసులు పెడితే, కొబ్బరితోట సరిహద్దుల దగ్గర కోనసీమలో సగంమంది జైల్లోనే ఉంటారు!

కానీ ఆ పేజీ ఫొటో తీసి అన్నయ్యకు వాట్సాప్‌లో పంపారా, అది బెదిరింపు, అదే సంహితలో 351వ సెక్షన్. పంపకండి. ఆ ఊహలు నిద్ర పట్టనంతగా వేధిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. గట్టు మాత్రం సర్వేయర్‌తో కొలిపించేయండి.