శిక్షణలో నేర్చుకున్నది అంగన్‌వాడీ దాకా రావాలంటే

ప్రశ్న: నేను చూసే సెక్టార్‌లో 25 అంగన్‌వాడీలు. టీచర్లంతా ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు ఆటపాటలతో చదువు) శిక్షణ పూర్తిచేశారు. నెల తిరక్కముందే మళ్లీ పలకల మీద అఆలు దిద్దించడమే. పైగా ఆశా కార్యకర్త ఒకటి, టీచరమ్మ ఇంకొకటి చెబుతున్నారని తల్లులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సూపర్‌వైజరు

జవాబు: టీచర్లను అనేముందు తల్లిదండ్రుల సంగతి చూడండి. “మావాడికి ఏబీసీడీలు రావట్లేదు” అంటూ ఇద్దరు తమ పిల్లల్ని ప్రైవేటు ఎల్‌కేజీ బస్సెక్కిస్తే చాలు, టీచరు పలకలు బయటికి తీస్తుంది. నెలనెలా జరిపే ఈసీసీఈ డే (చిన్నపిల్లల సంరక్షణ, చదువుల దినం) నాడు ఉపన్యాసాలు మానేసి, పిల్లల చేత ఆట ఆడించి, అందులో వాళ్లేం నేర్చుకుంటున్నారో టీచరు చేతే చెప్పించండి.

సెక్టార్ మీటింగులో రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్ ఎంట్రీలతోనే పూట గడిచిపోతుంది. అవి మొదలుకాకముందే ఒక గంట ఆటలతో నేర్పడం సాధన చేయడానికి కేటాయించండి. నెలకు ఒకటే కృత్యం. నలుగురు టీచర్లు పిల్లల్లా కూర్చుంటే ఐదో ఆవిడ చేయించాలి. చింతగింజలు, సీసా మూతలు తీసుకుంటే, మూడేళ్లవాళ్లు వాటిని వేరుచేసి రెండు గిన్నెల్లో వేస్తారు. నాలుగేళ్లవాళ్లు ఐదు దాకా లెక్కపెడతారు. ఐదేళ్లవాళ్లు అంకె కార్డు చూసి అన్ని గింజలు పెడతారు. ఒకే గదిలో మూడు వయసులవాళ్లకు మూడు పాఠాలంటే ఎవరి వల్లా కాదు, అందుకే ఇలా ఒకే ఆటను మూడు రకాలుగా ఆడించాలి. అక్కల వెంట వచ్చే చంటిపిల్లలను మాత్రం గింజల దగ్గరికి రానివ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

రెండు వారాల్లోపు కేంద్రానికి వెళ్లి ఆ ఒక్క కృత్యమే చూడండి. మీటింగులో తడబడ్డవాళ్ల కేంద్రాలు ముందు.

ఇక తలా ఒక మాట చెప్పడం ఎక్కువగా అనుబంధ ఆహారం (తల్లిపాలతో పాటు బిడ్డకు పెట్టే తిండి) దగ్గరే. ఆ గంటకు ఏఎన్‌ఎంనూ ఆశాలనూ పిలవండి. బిడ్డకు 180 రోజులు నిండాక రెండు మూడు చెంచాలతో మొదలు. ఎనిమిది నెలల దాకా రోజుకు రెండు మూడుసార్లు, తల్లిపాలు ఎలాగూ ఉంటాయి. చెంచా వంచగానే జారిపోయే పప్పుకట్టుతో పొట్ట నిండుతుంది గానీ శక్తి చాలదు. మెత్తగా మెదిపిన పప్పన్నం గిన్నెలో తెచ్చి అందరికీ చూపించండి. నోటితో చెబితే ‘చిక్కగా’ అంటే ఎంతో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు.

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటల్లేవు. అంగన్‌వాడీలో అడగొచ్చా?
– ఒక తల్లి

జవాబు: ఈ వారమే అడగండమ్మా. రెండేళ్లకల్లా ‘పాలు కావాలి’ లాంటి రెండు పదాలు కలిపి అనాలి. “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి” అని ఊరుకోవద్దు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే వైద్యబృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అంతవరకు ఆగక, ఏఎన్‌ఎంతో చెప్పి జిల్లాలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) వెళ్లండి. మొదట వినికిడి పరీక్ష చేయించాలి. వెనకనుంచి పిలిస్తే తిరుగుతోందా, కావలసినది వేలితో చూపిస్తోందా అన్నది మీరూ టీచరూ వారం పాటు గమనించి కాగితం మీద రాసుకెళ్తే డాక్టరుకు పని తేలికవుతుంది.